వరి వంగడాల అభివృద్ధి

భారతదేశంలో 1950-51లో హెక్టారుకు సగటున 668 కిలోల బియ్యం పండింది. 2020-21 నాటికి ఆ సగటు 2,717 కిలోలయింది. ఈ డెబ్బై ఏళ్లలో వరి సాగయ్యే నేల 3.08 కోట్ల హెక్టార్ల నుంచి సుమారు 4.58 కోట్ల హెక్టార్లకు, అంటే ఒకటిన్నర రెట్లకు పెరిగింది. బియ్యం ఉత్పత్తి మాత్రం 2.06 కోట్ల టన్నుల నుంచి 12.4 కోట్ల టన్నులకు, ఆరు రెట్లకు చేరింది. ఇందులో కాలువలకు, బోర్లకు, ఎరువులకు పెద్ద వాటానే ఉంది. అయితే ఆ నీటినీ ఎరువునూ గింజగా మార్చుకోగల మొక్క అంతకు ముందు లేదు. పాత పొడుగు రకాలకు నత్రజని ఎక్కువ వేస్తే ఆకు, గడ్డి పెరిగి, గింజ పాలుపోసుకునే వేళకు చేను పడిపోయేది. మొక్కను మార్చిన తర్వాతే ఎరువు పనికొచ్చింది.

ఉష్ణమండలపు వరిలో ఒక పంటకు రాగల గరిష్ఠ దిగుబడి 1966లో ఒక్కసారిగా ఎగబాకింది. హైబ్రిడ్లను పక్కనపెడితే, ఆ తర్వాత వచ్చిన సూటి రకాల్లో అది హెక్టారుకు పది టన్నుల ధాన్యం దగ్గరే ఉండిపోయింది. తర్వాతి అర్ధ శతాబ్దపు కృషి మరో మూడు చోట్ల ఫలించింది. పంటకాలం తగ్గింది, తెగుళ్లకూ పురుగులకూ తట్టుకునే శక్తి వచ్చింది, తినేవాళ్లు కోరిన గింజ చేతికందింది. వరి వంగడాల చరిత్రను కేవలం దిగుబడి అంకెలతో చెబితే ఈ రెండో భాగం కనిపించకుండా పోతుంది.

అడవి వరి నుంచి నాటు రకాల దాకా

ఆసియా సాగు వరికి పూర్వ రూపం ఒరైజా రూఫిపోగాన్ అనే చిత్తడి నేలల అడవి వరి. దాని పిలకలు నేల మీద పరుచుకుని పెరుగుతాయి. గింజకు పొడవాటి మీసాలుంటాయి, లోపలి బియ్యం ఎర్రగా ఉంటుంది, పండగానే గింజ రాలిపోతుంది. చైనాలో యాంగ్జీ నది లోయలో 9 వేల ఏళ్లకు పైబడిన కాలం నుంచి మనుషులు ఈ మొక్కను మార్చుకుంటూ వచ్చారు. రాలకుండా కంకిలో నిలిచిన గింజలే కోసేవాళ్ల చేతికి ఎక్కువగా దక్కుతాయి, మరుసటి ఏడు విత్తనమయ్యేవీ అవే. ఎవరూ పనిగట్టుకుని ఎంచకపోయినా గింజ రాలని గుణం తరతరానికీ పెరగడానికి ఇదే కారణం. గింజ రాలడాన్ని శాసించే ఎస్‌హెచ్4 జన్యువును శాస్త్రవేత్తలు 2006లో గుర్తించారు. మొక్క నిటారుగా నిలవడానికీ, బియ్యం తెల్లబడడానికీ కారణమైన జన్యువులు కూడా దాదాపు అదే కాలంలో బయటపడ్డాయి. పశ్చిమ ఆఫ్రికాలో ఒరైజా గ్లబెర్రిమా అనే వేరే జాతిని అక్కడి రైతులు సొంతంగా సాగులోకి తెచ్చుకున్నారు.

తర్వాతి వేల ఏళ్లలో ప్రతి ప్రాంతపు రైతులూ తమ నేలకూ వానకూ ఒదిగే రకాలను ఏర్చి కూర్చుకున్నారు. ఉప్పు నేలలో బతికేవి, నాలుగు మీటర్ల వరద నీటిలోనూ నీటితో పాటు సాగి తేలేవి, వానాధారపు మెట్ట చేలలో పండేవి వీటిలో ఉన్నాయి. నెల్లూరు మొలగొలుకులు, కృష్ణకాటుకలు, బాసంగి తెలుగు నేల మీద పేరున్న నాటు రకాలు. ఇవి చాలావరకు ఛాతీ ఎత్తుకు మించి పెరిగేవి. పంటకాలం అయిదారు నెలలు. పగటి నిడివి తగ్గితేనే పొట్టకొచ్చే స్వభావం ఉండడం వల్ల నాటు ఎప్పుడు వేసినా వానలు తగ్గే వేళకు ఈనేవి. ఎత్తు లోపం కాదు, అప్పటి వ్యవసాయానికి అది అవసరం. పొడుగు మొక్క కలుపును అణిచేస్తుంది, మడిలో నీరు పెరిగినా మునగదు, పశువులకు మేతా ఇంటికి కప్పూ ఇస్తుంది. ఎరువు లేని రోజుల్లో ఆ మొక్క ఇవ్వగలిగినంతా ఇచ్చింది.

ఎంపికల యుగం

దక్షిణ భారతంలో శాస్త్రీయమైన వరి పరిశోధన 1912లో కోయంబత్తూరు కేంద్రంతో మొదలైంది. మద్రాసు రాష్ట్రంలో భాగమైన గోదావరి డెల్టాకు 1925లో మార్టేరు కేంద్రం వచ్చింది. ఈ తొలి కాలంలో పని ప్రధానంగా ఎంపిక. కల్తీగా ఉన్న నాటు రకం నుంచి మంచి కంకులు తీసి, ఒక్కో కంకి సంతతిని విడిగా పెంచి, మేలైన దాన్ని రకంగా విడుదల చేసేవారు. దిగుబడి కొద్దిగానే పెరిగేది, ఎందుకంటే నాటు రకంలో లేని గుణం ఎంపిక వల్ల పుట్టదు. అయినా ఈ దశ ఒక అమూల్యమైన రకాన్ని మిగిల్చింది. కోనామణి అనే రకంలో తనంతట తానే వచ్చిన మార్పును గుర్తించి కోయంబత్తూరు కేంద్రం 1921లో విడుదల చేసిన జీఈబీ-24 సన్నని, నాణ్యమైన గింజకు పేరు పొందింది. తర్వాత లెక్కలేనన్ని రకాలకు అది తల్లో తండ్రో అయింది. సాంబ మసూరి నాణ్యతకు మూలాలు వెతికితే ఈ రకం దగ్గరికే చేరతాం.

1946లో కటక్‌లో కేంద్ర వరి పరిశోధన సంస్థ ఏర్పడింది. కె. రామయ్య దానికి తొలి సారథి. జపాన్ దేశపు జపానికా రకాలు ఎరువుకు బాగా స్పందిస్తాయి, మన ఇండికా రకాలు మన వాతావరణానికి ఒదుగుతాయి. ఈ రెండింటినీ కలపాలని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1950లలో కటక్ కేంద్రంగా పెద్ద కార్యక్రమం చేపట్టింది. సంతతిలో ఎక్కువ మొక్కలు తాలు కంకులే వేశాయి. ఆసియా అంతటా ఏళ్ల తరబడి సాగిన ఆ పనిలో పేరు నిలిచినవి చాలా కొద్ది రకాలు, వాటిలో తమిళనాడు ఏడీటీ-27 ఒకటి, మలేషియాలో తేలిన మసూరి మరొకటి. విఫల యత్నమని చాలామంది కొట్టిపారేసే ఆ కార్యక్రమం ఒక్క మసూరితోనే తన ఖర్చును ఎన్నో రెట్లు తిరిగి ఇచ్చిందని చెప్పాలి. ఆంధ్ర డెల్టాల భవిష్యత్తు ఆ రకం చుట్టూనే అల్లుకుంది.

పొట్టి వరి

తైవాన్‌లో డీ-జియో-వూ-జెన్ అనే పొట్టి నాటు రకం ఉండేది. దాన్ని ఒక పొడుగు రకంతో కలిపి 1956లో తైచుంగ్ నేటివ్-1ను రూపొందించారు. ఇండికా రకాల్లో సంకరణం ద్వారా వచ్చిన తొలి పొట్టి రకాల్లో ఇది ఒకటి. చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో హువాంగ్ యావోషియాంగ్ బృందం వేరే పొట్టి రకాన్ని వాడి 1959లో గ్వాంగ్-చాంగ్-ఐ అనే రకాన్ని తెచ్చింది. బయటి ప్రపంచానికి ఆ సంగతి చాలా కాలం తెలియలేదు.

1960లో ఫిలిప్పీన్స్‌లోని లాస్ బానోస్‌లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ మొదలైంది. 1962లో అక్కడ పీటర్ జెన్నింగ్స్ ఇండొనేషియాకు చెందిన పెటా అనే పొడుగు రకాన్ని డీ-జియో-వూ-జెన్‌తో కలిపారు. మొదటి తరం మొక్కలన్నీ పొడుగే. రెండో తరంలో సుమారు పావు వంతు పొట్టివి వచ్చాయి. అంటే పొట్టితనాన్ని నడిపిస్తున్నది ఒకే ఒక్క అంతర్గత జన్యువని తేలింది, ఎంపిక సులువైంది. ఆ సంతతి నుంచి హెన్రీ బీచెల్ ఎంచిన వరుసే 1966లో ఐఆర్8గా విడుదలయింది. ఎస్. కె. దే దత్తా నత్రజని మోతాదులు మార్చుతూ దాన్ని పరీక్షించినప్పుడు హెక్టారుకు 9 టన్నులు దాటి పండింది. ఎకరం లెక్కలో ఇది 75 కిలోల బస్తాలు 48కి పైమాటే.

ఈ మార్పు ఎలా పనిచేసిందో విడమర్చి చెప్పుకోవడం అవసరం. పొడుగు రకాల్లో నేలపైనున్న మొక్క మొత్తం బరువులో గింజ వాటా దాదాపు 30 శాతం. ఐఆర్8లో అది 50 శాతానికి దగ్గరగా వచ్చింది. ఈ నిష్పత్తిని కోత సూచిక అంటారు. మొక్క తయారుచేసుకునే మొత్తం పదార్థం పెద్దగా పెరగలేదు కానీ, గడ్డికి పోయేది గింజకు మళ్లింది. కాండం సుమారు మీటరుకు తగ్గి గట్టిపడడంతో బరువైన కంకులను మోసినా ఒరగలేదు. ఆకులు పొట్టిగా, నిటారుగా ఉండడం వల్ల ఎండ కింది ఆకుల దాకా దిగింది. పిలకలు ఎక్కువ వేసింది. పగటి నిడివితో పని లేకుండా సుమారు 130 రోజుల్లో కోతకొచ్చింది కాబట్టి సార్వాలోనూ దాళ్వాలోనూ పండింది. దిగుబడిని ఇంతగా మార్చిన ఆ జన్యువుకు ఎస్‌డీ1 అని పేరు. జిబ్బరెల్లిన్ అనే పెరుగుదల హార్మోను తయారీలో ఒక మెట్టు దగ్గర పనిచేయాల్సిన ఎంజైమును అది తయారుచేయలేకపోతోందని 2002లో తేలింది. జపాన్‌లోని జిక్కోకు రకంలోనూ, అమెరికాలో గామా కిరణాలతో సృష్టించిన కాల్‌రోజ్ 76లోనూ ఉన్న పొట్టితనం కూడా ఇదే జన్యువు చలవ. ఒకరి పని ఒకరికి తెలియకుండా ఇంతమంది ఒకే జన్యువును చేరుకోవడం మొక్కల ప్రజనన చరిత్రలో అరుదైన సంగతి.

1965లో హైదరాబాద్‌లోని రాజేంద్రనగర్ కేంద్రంగా అఖిల భారత సమన్వయ వరి అభివృద్ధి పథకం మొదలైంది. నేటి భారతీయ వరి పరిశోధన సంస్థ దీని నుంచే ఎదిగింది. ఒకే రకాన్ని దేశమంతటా ఏకకాలంలో పరీక్షించే ఏర్పాటు ఇదే. తైచుంగ్ నేటివ్-1నూ ఒడిశాకు చెందిన టీ-141నూ కలిపి రూపొందించిన జయ 1968లో విడుదలై, దిగుబడిలో ఐఆర్8కు దీటుగా నిలిచింది. పశ్చిమ గోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు 1967లో ఐఆర్8 పండించి, ఆ విత్తనాన్ని చుట్టుపక్కల రైతులకు అందించారు. ఆ రకం పేరే ఆయనకు మారుపేరయింది.

ఐఆర్8 అన్నం మాత్రం జనానికి నచ్చలేదు. గింజ లావు, మధ్యలో సున్నపు మచ్చ, మరపట్టిస్తే నూక ఎక్కువ. చల్లారితే అన్నం గట్టిపడేది. ఎండాకు తెగులుకూ టుంగ్రో వైరస్‌కూ అది లొంగిపోయేది. గడ్డి తక్కువ కావడంతో పశువులున్న ఇళ్లకు మేత కరవైంది.

రోజులు, తెగుళ్లు

తర్వాతి ఇరవై ఏళ్ల పనికి లాస్ బానోస్ సంస్థ ప్రజనకుడు గురుదేవ్ సింగ్ ఖుష్ పేరు ముడిపడి ఉంది. ఆయన బృందం 1976లో తెచ్చిన ఐఆర్36 సుమారు 110 రోజుల్లో కోతకొస్తుంది. 1980లలో అది ప్రపంచవ్యాప్తంగా 1.1 కోట్ల హెక్టార్లలో సాగయింది. ఒక పంటకు వచ్చే దిగుబడి చూస్తే ఐఆర్8 కన్నా ఎక్కువేమీ కాదు. రోజుకు ఎన్ని కిలోలు అని లెక్కిస్తే దాని గొప్పతనం తెలుస్తుంది. మిగిలిన రోజుల్లో మరో పంట వేసుకునే వీలు దొరికింది. దాని వంశవృక్షంలో ఆరు దేశాల రకాలున్నాయి. గ్రాసీ స్టంట్ వైరస్‌ను తట్టుకునే జన్యువు కోసం వేలాది నమూనాలు పరీక్షిస్తే, ఉత్తరప్రదేశ్‌లో సేకరించిన నివ్వరి అనే అడవి వరి నమూనా ఒక్కటే అక్కరకొచ్చింది. ఎవరూ పంటగా ఎంచని ఆ గడ్డి మొక్కను ఎవరో ఒకరు సేకరించి దాచకపోతే లక్షల హెక్టార్లు నష్టపోయేవి. జన్యు నిధులపై పెట్టే ఖర్చు దండగ కాదని చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

తట్టుకునే శక్తి శాశ్వతం కాదు. సుడిదోమ, ఉల్లికోడు, అగ్గితెగులు తమ రూపాలు మార్చుకుంటాయి. వరంగల్ పరిశోధన కేంద్రం ఉల్లికోడును తట్టుకునే రకాలకు పేరు పొందినా, 1980ల మధ్యలో ఉత్తరాంధ్రలో ఆ పురుగు కొత్త రూపంతో వచ్చి, అంతవరకు నిలిచిన ఫల్గుణ రకాన్ని దెబ్బతీసింది. ప్రజనకుడు పదేళ్లు పడిన శ్రమను పురుగు కొద్ది పంటల్లో వమ్ము చేయగలదు.

1960ల చివర్లో 9, 10 టన్నులిచ్చిన ఐఆర్8ను 1990లలో లాస్ బానోస్‌లో మళ్లీ పండిస్తే 7 టన్నుల దగ్గరే ఆగింది. విత్తన నిధిలో దాచిన విత్తనం అదే, జన్యువులవే. మారింది చుట్టూ ఉన్న పరిస్థితి. అదే కేంద్రంలోని వాతావరణ లెక్కల ఆధారంగా 2004లో వెలువడిన అధ్యయనం, వేసవి పంటలో రాత్రి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి సుమారు 10 శాతం తగ్గుతోందని చెప్పింది. కొత్త రకాలు అవే 9, 10 టన్నులు ఇస్తున్నాయంటే నిలిచిపోయినట్టు కాదు. జారిపోతున్న నేల మీద వాటిని నిలబెట్టడానికే ఎంతో పని జరిగింది.

1989 తర్వాత అంతర్జాతీయ సంస్థ కొత్త రూపం కోసం ప్రయత్నించింది. పిలకలు తక్కువ, కంకికి 200కు పైగా గింజలు, దిట్టమైన కాండం దాని లక్ష్యాలు. తొలి తరం మొక్కల్లో గింజ సరిగా నిండక తాలు పెరిగింది, పురుగులకూ లొంగింది. వాటిని ఇండికా రకాలతో మళ్లీ కలిపాకే కొంత ఫలితం దక్కింది.

మార్టేరు, బాపట్ల, తెలంగాణ

పొట్టితనమూ, మసూరి గింజ నాణ్యతా ఒకే మొక్కలో కలవడం తెలుగు నేల మీద జరిగిన ముఖ్యమైన పని. మార్టేరు కేంద్రం వశిష్ఠను మసూరితో కలిపి 1982లో విడుదల చేసిన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, సుమారు 150 రోజుల పంట. తక్కువ ఎరువుతోనూ నిలకడగా పండుతుంది. గింజకు నిద్రావస్థ ఉండడం వల్ల కోతల వేళ తుపాను వచ్చినా కంకి మీదే మొలకెత్తదు. కోస్తా రైతుకు ఇది ఎంత ముఖ్యమో కార్తీక మాసపు వానల్లో తడిసిన పనలను చూసినవారికి చెప్పనక్కర్లేదు. ఒడిశా, బెంగాల్, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్ దాటి బంగ్లాదేశ్, నేపాల్ దాకా ఆ రకం పాకింది.

బాపట్లలో జీఈబీ-24, తైచుంగ్ నేటివ్-1, మసూరి మూడింటినీ కలిపి 1986లో తెచ్చిన సాంబ మసూరి, రైతుల నోట బీపీటీ 5204, దిగుబడిలో స్వర్ణను మించదు. అగ్గితెగులుకూ ఎండాకు తెగులుకూ తేలిగ్గా లొంగుతుంది. అయినా నాలుగు దశాబ్దాలుగా నిలిచింది. సన్నని గింజ, పొడిపొడిగా మెత్తగా ఉండే అన్నం, బజారులో దొరికే అదనపు ధర అందుకు కారణాలు. సోనాను మసూరితో కలిపి బాపట్లలోనే రూపొందించిన సోనా మసూరి పేరు అమెరికాలో, గల్ఫ్‌లో తెలుగువాళ్లు కొనే బియ్యం బస్తాల మీద స్థిరపడింది. ఎంత పండుతుందో ఒక్కటే చూసి రకాలను ఏరితే ఇవి రెండూ ఆదిలోనే పోయేవి.

2000లో మార్టేరు కృష్ణవేణి, ఐఆర్64 సంతతి నుంచి ఎంటీయూ 1010 ఇచ్చింది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ స్మారకంగా దానికి కాటన్‌దొర సన్నాలు అని పేరు పెట్టారు. సుమారు 120 రోజుల్లో రావడం వల్ల దాళ్వాకూ యాసంగికీ సరిపోయింది. ఆ రకాన్ని జగిత్యాల కేంద్రపు జేజీఎల్ 3855తో కలిపి రాజేంద్రనగర్‌లో తయారుచేసిన తెలంగాణ సోనా, అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048, సాంబ మసూరి లాంటి సన్న గింజను సుమారు 125 రోజుల్లోనే ఇస్తుంది. అగ్గితెగులును తట్టుకుంటుంది. నెల రోజుల నీటి తడులు మిగలడం తెలంగాణ బోర్ల కింద చిన్న లాభం కాదు.

హైబ్రిడ్ వరి

వరి పువ్వు తన పుప్పొడితో తానే ఫలదీకరణ చెందుతుంది కాబట్టి హైబ్రిడ్ విత్తనం తయారుచేయడం కష్టం. 1970లో హైనాన్ దీవిలో పుప్పొడి పనిచేయని అడవి వరి మొక్క దొరకడంతో యువాన్ లాంగ్‌పింగ్ బృందానికి దారి కనిపించింది. 1976 నుంచి చైనాలో పెద్ద ఎత్తున సాగు మొదలైంది. దిగుబడి సూటి రకాల కన్నా 15 నుంచి 20 శాతం ఎక్కువ. భారతదేశంలో 1994లో విడుదలైన తొలి హైబ్రిడ్లలో ఏపీహెచ్ఆర్-1, ఏపీహెచ్ఆర్-2 మార్టేరువే. ఏటా విత్తనం కొనాల్సి రావడం, అన్నం నాణ్యత దక్షిణాదికి నచ్చకపోవడం వల్ల మన దగ్గర సాగు అంతగా పెరగలేదు. విత్తనోత్పత్తికి మాత్రం పాత కరీంనగర్, వరంగల్ జిల్లాలు దేశానికే కేంద్రాలయ్యాయి. ఆడ వరుసల్లో కంకి పొట్ట నుంచి పూర్తిగా బయటికి రాదు కాబట్టి జిబ్బరెల్లిన్ పిచికారీ చేస్తారు. పూత సమయంలో తాళ్లో కర్రలో ఆడించి మగ వరుసల పుప్పొడిని ఆడ వరుసల మీద దులుపుతారు.

జన్యువుల ఆచూకీతో

1990ల తర్వాత మొక్క పెరిగి కంకి వేసేదాకా ఆగకుండా, నారు దశలోనే డీఎన్ఏ గుర్తుల ద్వారా కావలసిన జన్యువు ఉందో లేదో చూసి ఏరడం సాధ్యమైంది. ఒడిశా నాటు రకం నుంచి ఏరిన ఎఫ్ఆర్13ఏ రెండు వారాలు పూర్తిగా మునిగినా బతుకుతుంది. నీట మునిగిన మామూలు మొక్క పైకి సాగే ప్రయత్నంలో శక్తినంతా ఖర్చుచేసుకుని చనిపోతుంది. సబ్1ఏ జన్యువు ఆ సాగుడును ఆపి, నీరు తీసేదాకా మొక్కను ఓపికపట్టేలా చేస్తుంది. 2006లో గుర్తించిన ఈ జన్యువును స్వర్ణలోకి ఎక్కించి 2009లో స్వర్ణ-సబ్1గా విడుదల చేశారు. గింజ, అన్నం, పంటకాలం అన్నీ స్వర్ణవే కాబట్టి రైతులు కొత్తగా అలవాటు పడాల్సిన పని లేకపోయింది. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ), వరి పరిశోధన సంస్థ కలిసి ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులను ఇదే పద్ధతిలో సాంబ మసూరిలో చేర్చాయి. 2008లో అది మెరుగైన సాంబ మసూరిగా వచ్చింది. జింకు ఎక్కువుండే డీఆర్ఆర్ ధన్ 45 కూడా హైదరాబాద్‌దే. కడుపు నిండడంతో పాటు పోషణ కూడా ప్రజనన లక్ష్యమైందనడానికి అది గుర్తు.

2025 మే నెలలో జన్యు సవరణ చేసిన రెండు వరి రకాలను భారత ప్రభుత్వం ప్రకటించింది. కంకికి గింజల సంఖ్యను అదుపు చేసే జన్యువును సాంబ మసూరిలో సవరించి హైదరాబాద్ సంస్థ తయారుచేసింది డీఆర్ఆర్ ధన్ 100, మరో పేరు కమల. చౌడునూ నీటి ఎద్దడినీ తట్టుకోవాలని కాటన్‌దొర సన్నాలులో సవరణ చేసి ఢిల్లీలోని పూసా సంస్థ తెచ్చింది పూసా డీఎస్‌టీ రైస్-1. కమల దిగుబడి ఎక్కువనీ, సాంబ మసూరి కన్నా దాదాపు మూడు వారాల ముందే కోతకొస్తుందనీ దాన్ని రూపొందించినవారు చెబుతున్నారు. పరీక్షల వివరాలు బహిరంగంగా అందుబాటులో ఉండాలి, ప్రాంతాల వారీగా రైతుల చేలలో అవి నిగ్గు తేలాలి. ఈ రెండు సవరణలూ బాపట్ల, మార్టేరు కేంద్రాల రకాల మీదే జరిగాయి.

ఇప్పుడు ప్రజనకుల ముందున్న కోరికల్లో నాటు వేయకుండా నేరుగా వెదజల్లే సాగుకు తగిన రకాలు ముందు వరుసలో ఉన్నాయి. కూలీల కొరతా నీటి కొరతా ఆ పద్ధతిని ముందుకు తెస్తున్నాయి. విత్తనం నీటి అడుగున కూడా మొలకెత్తాలి, మొలక త్వరగా ఎదిగి కలుపును మించాలి, వేరు లోతుకు దిగాలి. పొట్టి రకాల్లో ఈ గుణాలు బలహీనపడ్డాయి, ఎందుకంటే నారు పోసి, నాటి, కలుపు తీసే సాగుకే వాటిని ఏరారు. ఈ గుణాలిచ్చే జన్యువుల కోసం పరిశోధకులు మళ్లీ నాటు రకాల సేకరణలనే గాలిస్తున్నారు. లాస్ బానోస్ జన్యు నిధిలో 1,30,000కు పైగా వరి నమూనాలున్నాయి.